నాలుగో మనిషి బరువు

దయ్యాల విషయంలో నాది మొదటినుంచీ ఒకటే మాట: అద్దె తగ్గిస్తే అభ్యంతరం లేదు. ప్రొద్దుటూరులో శ్మశానానికి ఎదురింట్లో పదకొండేళ్లు కాపురం చేశాం. ఆ పదకొండేళ్లలో మమ్మల్ని పీడించింది కరెంటు కోతలు, ఇంటి ఓనరు మాత్రమే. పైగా నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కాబట్టి కింద రాసినదాన్ని నమ్మమని ఎవరినీ అడగను. నాకే పూర్తిగా నమ్మకం లేదు.

మంచు మీద జారాలన్న ఆలోచన మా బావ శివారెడ్డిది. నా భార్య సుజాతకు అన్న. ఊరు జమ్మలమడుగు. యాభై దాటిన మనిషి, శనగ పంట తప్ప వేరే లోకం ఎరగడు. ఎండాకాలంలో నలభై నాలుగు డిగ్రీల వేడిలో మంచం మీద పడుకుని ఫోన్లో ఎవరో తెల్లని కొండ మీద జారడం చూశాడట. అంతే, మనసు అక్కడే ఉండిపోయింది.

నాకూ బావకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. తప్పు నాదే. ఆయన కొత్తింటి గృహప్రవేశంలో ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు. "ఇంటికి వాస్తు బ్రహ్మాండంగా కుదిరింది, యజమానికే కుదరలేదు" అన్నాను. మూడు వందల మంది నవ్వారు. ఒక్కడు నవ్వలేదు. అప్పటినుంచి సుజాత తన తల్లిని చూడాలంటే అన్న పొలానికి పోయే వేళ కనుక్కుని, పుట్టింటికి దొంగలా వెళ్లి వచ్చేది.

ఈ ముడి విప్పాలని పూనుకున్నవాడు ఖాదర్. పులివెందులలో అరటికాయల మండీ నడుపుతాడు, మా ఇద్దరికీ కాలేజీ నాటి స్నేహితుడు. "ఇద్దర్నీ మంచులో తోస్తా. చలికైనా ఒకర్నొకరు పట్టుకుంటారు" అని సుజాతకు చెప్పాడు. ఆమె నన్ను చూసిన చూపులో వద్దనడానికి చోటు లేదు. ఈ యాత్ర జరిగితే ఆమెకు పుట్టింటి వాకిలి తెరుచుకుంటుంది. అంతకుమించి నాకు మంచుతో పనిలేదు.

ఫిబ్రవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లో ఆరు రోజులు. కుఫ్రి, నార్కండ, సోలాంగ్, మూడు చోట్లా జారడం. దసరా అయ్యాక ఢిల్లీలో ఒక ట్రావెల్స్ అతనితో మాట్లాడాం. అతను నెట్‌లో మేమందరం చూసి మార్చుకునేలా ఒక పట్టిక పంపాడు. పేరు, ఎత్తు, బరువు, చెప్పుల సైజు నింపాలి. బరువు ఎందుకంటే, పడిపోయినప్పుడు బూటు కాలికింద బిగించే జారుడు పలక నుంచి ఎంత బలానికి ఊడాలో బరువును బట్టే బిగిస్తారట. తప్పు రాస్తే కాలు విరుగుతుంది.

మా అత్తకు సంగతి తెలిసి నన్ను పిలిపించింది. ముగ్గురు కలిసి బయలుదేరకూడదు, మా వైపు అందరికీ తెలిసిందే. తప్పనిసరైతే ఒక రాయిని వెంట పెట్టుకుంటారు, లెక్కకు నలుగురవుతారు. ఆమె వాకిలి మెట్టు పక్కనుంచి అరచేతిలో పట్టే నాపరాతి ముక్క తీసి, పసుపు పూసి నా చేతిలో పెట్టింది.

"ఊరికే జేబులో ఏసుకోని పో అల్లుడా. తిరిగొచ్చినాక ఎత్తినకాడనే పెట్టాల."

ఊరికే జేబులో వేసుకుంటే నేను నేను కాదు గదా. పట్టికలో నాలుగో వరుస తెరిచాను. పేరు: బండయ్య. ఎత్తు: నాలుగు అంగుళాలు. చెప్పులు: అలవాటు లేదు. బరువు మాత్రం నిజాయితీగా రాశాను. కాలేజీ ల్యాబ్ త్రాసులో తూస్తే నాలుగు వందల ఎనభై గ్రాములు. 0.48 అని నింపి, ఆ రోజంతా నా హాస్యానికి నేనే మురిసిపోయాను.

ఆదివారాలు పొద్దున్నే ముగ్గురం పులివెందులలో కలిసేవాళ్లం. మండీలో అరటి గెలలు తూచే కాటా మీద ఖాదర్ మమ్మల్ని నిలబెట్టి తూచేవాడు. తర్వాత గోడకు ఆనుకుని మోకాళ్లు వంచి నిలబడే సాధన. హమాలీలకు ఉచిత వినోదం. బావ నాతో మాట్లాడాలంటే ఖాదర్ ద్వారానే.

"ఖాదరూ, ఆ లెక్చరర్‌కి చెప్పు. అది వంగడం గాదు, దండం పెడతాండాడు."

"నీ మోకాళ్లు నువ్వు చూసుకోప్పా. కిర్రుమంటాండేది ఆడనే" అనేవాడు ఖాదర్.

మొదటి ఆదివారం బావ బరువు ఎనభై రెండు.

మూడు వారాలకు ట్రావెల్స్ అతను ఫోన్ చేసి, మీ నాలుగో ప్రయాణికుడు పసిబిడ్డా అని హిందీలో మర్యాదగా అడిగాడు. పట్టిక తెరిచాను. బండయ్య బరువు 3.48 అయింది. పైన బావ వరుసలో ఎనభై రెండు పోయి డెబ్బై తొమ్మిది ఉంది. అది బావ పనే అనుకున్నాను. నా హాస్యానికి ఆయన జవాబు కాబోలు. ఖాదర్‌ను అడగమంటే, బావ కూడా నన్నే అనుమానిస్తున్నాడని తెలిసింది.

"ఆ అంకెలతో నాకేం పని? ఆయప్పకు అన్నీ ఎగతాళే" అన్నాడట.

ఎవరు మార్చారో ఆ పట్టికలోనే చూడవచ్చు. చూశాను. నా పేరే ఉంది. మంగళవారం, పదకొండు పది. ఆ సమయానికి నేను అరవై మంది పిల్లల ముందు, విసిరిన రాయి ఏ దారిలో పడుతుందో బోర్డు మీద గీస్తున్నాను. ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో బీరువాలో ఉంది, తాళం నా జేబులో ఉంది. పాస్‌వర్డ్ మార్చాను. ఆదివారం కాటా మీద బావ నిజంగానే డెబ్బై తొమ్మిది తూగాడు. సాధన ఫలితమని మీసం తిప్పాడు.

ఇంకో రెండు వారాలకు పట్టికలో బండయ్య 6.48, బావ డెబ్బై ఆరు.

ఆ ఆదివారం వాళ్లిద్దరూ టీకి వెళ్లినప్పుడు సంచిలోంచి రాయి తీసి కాటా మీద పెట్టాను. ఆరున్నర చూపించింది. చేత్తో ఎత్తితే ఎప్పటిలాగే తేలిక. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరున్నర. కాటా చెడిందేమోనని కిలో గుండు పెట్టి చూశాను. సరిగ్గా కిలో. మరునాడు కాలేజీ త్రాసులో పెడితే, రాయి ఉన్న పళ్లెం కింద కూర్చుని లేవనంది. ఆదివారం టీ తాగి వచ్చాక బావ కాటా ఎక్కి డెబ్బై ఆరే తూగాడు.

అదే రోజు ఇంకొకటి జరిగింది. గోడ దగ్గర నేను వణుకుతుంటే బావ ఖాదర్ వైపు తిరగకుండా సూటిగా నన్నే చూసి, "ఇంకొంచెం వంగు బావా, పడవులే" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత మొదటి మాట. ఇంటికొచ్చి చెబితే సుజాత పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలలేదు.

నేను ఆ రాత్రే నాలుగో వరుస తుడిచేశాను. తెల్లవారి అది మళ్లీ ఉంది. ఈసారి నాలుగోది కాదు. మూడో వరుసలో, బావ పేరును కిందికి నెట్టి, బండయ్య కూర్చున్నాడు.

డిసెంబరు చివరికి బావ డెబ్బై ఒకటికి దిగాడు. బుగ్గలు పీక్కుపోయాయి, చొక్కా వంకీకి తగిలించినట్టు వేలాడుతోంది. కడపలో డాక్టర్లు రక్తం, షుగరు, గుండె అన్నీ చూసి ఏమీ లేదన్నారు. రాయిని తూచాను. పదకొండున్నర. ఒకరి దగ్గర తగ్గినంతా ఇంకొకరి దగ్గర చేరుతోంది. ద్రవ్యరాశి ఎక్కడికీ పోదని పిల్లలకు ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. అది మొదటిసారి నాకు భయం వేసేలా అర్థమైంది.

రాయి పట్టుకుని జమ్మలమడుగు పోయి అత్తకు మొత్తం చెప్పాను. ఆమె పేరు దగ్గరే ఆగిపోయింది.

"పేరు పెట్టినావా?"

"ఊరికే, నవ్వులాటకు."

"రాయిని తోడు తీసుకపొమ్మంటి. పేరు పెట్టమంటినా? మడిసి లెక్కన ఒడ్డూ పొడుగూ రాయమంటినా? మడిసివి అని రాస్తివి. మడిసి కావాలంటే దానికి కండ యాడనుంచి వస్తాది, మీ ముగ్గురిలో ఒకని కాడినుంచి గాక?"

ఏం చేయాలని అడిగాను.

"ముగ్గురు ల్యాకపోతే నాలుగోదాంతో పనేంది?"

బావ వచ్చాడు. యాత్ర మానుకుందామని ఆయన్నే అడిగి చూశాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఇలాంటివి చెప్పేటప్పుడు మనిషి ముఖం నవ్వుతున్నట్టే ఉంటుందేమో, ముఖ్యంగా నా ముఖం.

"నాలుగేండ్ల నాడు మైకులో నవ్వించినావు. ఇప్పుడు నన్ను రాయి పక్కన పెట్టి తూస్తాండావా? నా జీవితంలో నేను కావాలన్నది ఇదొక్కటే. ఇది గూడా నీకు ఎగతాళేనా?"

ఇక మిగిలింది ఒకే మార్గం. నాకు కుదరదు, నేను రావడం లేదు, మీ ఇద్దరూ వెళ్లండి అన్నాను.  బావ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను రాయిని మెట్టు పక్కన పెట్టి బస్సెక్కాను. దారిలో పట్టికలో నా పేరు తుడిచాను, దాని పేరూ తుడిచాను. అది మళ్లీ రాలేదు.

ఫిబ్రవరిలో బావ, ఖాదర్ వెళ్లి వచ్చారు. నార్కండలో బావ పదిహేనుసార్లు పడి, పదహారోసారి చివరిదాకా జారాడట. ఏ ఎముకా విరగలేదు. ఖాదర్ వీడియో చూపించాడు. తెల్లని వాలు మీద మా బావ, నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా కేక వేస్తూ దిగుతున్నాడు. సుజాత అది ఏడుసార్లు చూసింది. తర్వాత అన్న పొలానికి ఏ వేళకు పోతాడో ఖాదర్‌ను కనుక్కుంది.

బావ బరువు డెబ్బై ఒకటి దగ్గరే ఆగింది. తగ్గలేదు, పెరగలేదు. మనిషి హుషారుగానే ఉన్నాడు. డాక్టరు మెచ్చుకున్నాడట, ఊళ్లో అందరికీ నడక గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాడు. నా పేరెత్తితే మాత్రం లేచి వెళ్లిపోతాడు.

రాయిని మళ్లీ తూచలేదు. కాటా తప్పా, నా కళ్లు తప్పా, పట్టికలో ఆ అంకెలు వేసింది ఎవరు, ఇవేవీ నాకు తెలియవు. తెలుసుకోవాలని చాలాసార్లు కూర్చున్నాను, తేలలేదు. ఒక మనిషిని కాపాడానో, తిరిగి వస్తున్న మనిషిని ఉత్తపుణ్యానికి పోగొట్టుకున్నానో, అదీ తేలలేదు. నిన్న సుజాత జమ్మలమడుగు పోయింది. అన్న పొలం నుంచి రాకముందే బయలుదేరి, మధ్యాహ్నం రెండింటికల్లా తిరిగొచ్చేసింది.