కళ్లద్దాలలో ఉడికిన చేపల పులుసు

మా అక్క భద్రాచలంలో చిన్న మెస్ నడుపుతోంది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసన, రుచి రెండూ పోయాయి. మేము చూపించని డాక్టరు లేడు.

కళ్లకు వీఆర్ అనే అద్దాల పెట్టె తొడిగి, అందులో కనిపించే దృశ్యాన్ని బట్టి తిండి రుచి మారుతుందా అని మా కాలేజీ ల్యాబులో పరీక్షిస్తున్నారు. ఏదో ఆశతో ఈ రోజు అక్కను ఖమ్మం తీసుకొచ్చాను. ఆమె వంటగదిలోనే తీసిన వీడియో అందులో పెట్టించాను.

పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతూ కనిపించగానే అక్క చెయ్యి గాలిలో గరిటె కోసం వెతికింది. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన అదే పులుసు చెంచాతో ఆమె నోట్లో పెట్టాను.

"ఏమన్న తెలుస్తుందా అక్కా?"

"కండ్లకు తెలుస్తుంది తమ్మీ. నోట్లె ఏం లేదు, ఉత్త వేడినీళ్లే."

ఇంకోసారి పెట్టాను. తల అడ్డంగా ఊపి, అద్దాలు తీసి నా చేతికిచ్చింది. బస్టాండుకు నడుస్తూ, "మెస్ ఎవరికన్న కిరాయికి ఇచ్చేస్త. ఉప్పు తెల్వనిదాన్ని, ఏం వండుత?" అంది. ఆమెను బస్సెక్కించి ఇప్పుడే గదికి వచ్చాను.

ఇలా పోయిన రుచి మీకు తెలిసినవాళ్లెవరికైనా తిరిగి వచ్చిందా? వచ్చి ఉంటేనే రాయండి. రాలేదని చెప్పేవాళ్లు మాకు చాలామంది ఉన్నారు.