అత్తగారు పెట్టని వంక

జ్వరం తగ్గింది గానీ, గరిటక్కకి నోరు మాత్రం చచ్చిపోయింది. రుచి లేదు, వాసన లేదు. ఇంకెవరికైనా అయితే పోనీలే అనుకోవచ్చు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో రెండొందల మందికి వండే మనిషికి నోరు చచ్చిపోతే ఏం గతి చెప్పండి?

భర్త పోయినప్పటి నుంచి ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. అద్దె, కూతురి చదువు, అత్తగారి మోకాళ్ళ మందులు, అన్నీ ఆ గరిట మీదే నడుస్తున్నాయి. అందుకే ఎవరికీ చెప్పలేదు. మేనేజరుకి తెలిస్తే మర్నాడే ఇంకొకరిని పెట్టుకుంటాడు. అత్తగారికి తెలిస్తే ఖర్చు తగ్గుతుందని మందులు మానేస్తుంది. అంత పనీ చేస్తుంది ఆ మొండిఘటం.

రోజూ చేసే వంటలు చేతి అలవాటుతో గట్టెక్కాయి. అయినా ఉప్పు వేశానో లేదో అని డబ్బా పట్టుకుని నిలబడిపోయేది. సోమవారం యజమానులు భోజనానికి వస్తారట. కొత్త కూర ఒకటి చేయాలట. నచ్చకపోతే క్యాంటీన్ని బయటివాళ్ళకి అప్పగించేస్తారట.

అప్పుడు ఆమెకి అత్తగారి నోరు గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ వంక పెట్టని పూట లేదు. ఉప్పు ఎక్కువ, కారం తక్కువ, ముక్క ఉడకలేదు. అంతకన్నా నమ్మకమైన నోరు ఎక్కడ దొరుకుతుంది? గరిటక్క ఆ కొత్త కూరనే ఇంట్లో రోజూ చేసిపెట్టి, ఆవిడ మొహంలోకి కళ్ళప్పగించి చూసేది. పెద్దావిడ కిక్కురుమనకుండా తినేది. హమ్మయ్య అనుకుని ఆ కొలతే ఖాయం చేసుకుంది గరిటక్క.

ఆదివారం మధ్యాహ్నం కూతురు రెండు ముద్దలు తిని కంచం పక్కకి తోసేసింది. నానమ్మ కళ్ళెర్రజేసినా ఆగలేదు.

“నా వల్ల కాదు నానమ్మా. వారం నుంచీ ఉప్పు కషాయం తింటున్నాం. అమ్మతో అనొద్దంటావు.”

గరిటక్క అత్తగారి వైపు తిరిగింది. రేపు ఆ కొలతతోనే కదా వండబోయేది!

“మీరెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

పెద్దావిడ తల వంచుకుంది. కోడలు రోజూ పీక్కుపోయిన మొహంతో ఇంటికి రావడం చూస్తూనే ఉందట. ఏ బాధలో ఉందో ఏమో, తిండి దగ్గర కూడా తనెందుకు గుచ్చడం అనుకుందట. జన్మకో మంచితనం చూపిస్తే అది ఇలా తగలడిందన్నమాట! గరిటక్క ఇక దాచలేక, నోరు చచ్చిపోయిన సంగతి చెప్పి బావురుమంది. ఆవిడ కోడలి వీపు నిమిరింది.

సోమవారం పొద్దున్న గరిటక్క లేచేసరికే పెద్దావిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కూరలు తరగడానికి సాయం వచ్చిందని మేనేజరుతో చెప్పి, ఆవిడని పొయ్యిల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. ఈసారి ఉప్పు సగానికి తగ్గించి వేసిన కూర ఉడికింది. బయట కార్లు ఆగిన చప్పుడైంది. గరిటక్క స్పూను అందించింది.

ఆవిడ చప్పరించింది. కళ్ళు మూసుకుంది. ఎంతకీ మాట్లాడదు. మళ్ళీ జాలిపడి ఊరుకుంటుందేమోనని గరిటక్క ప్రాణాలు ఉగ్గబట్టుకుంది.

“ఉప్పు చాల్లేదు,” అని మొహం చిట్లించింది పెద్దావిడ. “ఎన్నిసార్లు చెప్పాలే నీకు?”

ఇన్నేళ్ళూ ఆ మాటకి ఒళ్ళు మండేది. ఇవాళ ప్రాణం లేచొచ్చింది. గరిటక్క కళ్ళు తుడుచుకుని ఉప్పు డబ్బా అందుకుంది.