చూసినవాడు రాయకూడదు

ఆ రోజుల్లో బెళుగుప్పలో నా జిరాక్స్ అంగడికి మనుషులకన్నా సుడిగాలులే ఎక్కువగా వచ్చేవి. పలకరించే దిక్కు లేదు. ఉన్నదల్లా చౌకగా కొన్న ఒక పాత స్కానర్, అదీ పలికేది కాదు. దాని డ్రైవర్‌ను (కంప్యూటర్‌కూ యంత్రానికీ మధ్య దుబాసీ అనుకోండి) నేను కంప్యూటర్‌లో వాడే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం కంపెనీ రాయనే లేదు. పనీపాటా లేనివాణ్ణి కదా! వేరే కంప్యూటర్ల కోసం కంపెనీవాళ్లు రాసిన డ్రైవర్‌ను విప్పి, లోపలి గుట్టంతా చదివి, అలాంటిదే ఒకటి రాశాను. స్కానర్ కదిలింది! ఉచిత సాఫ్ట్‌వేర్ రాసుకునే గుంపుకు వెంటనే పంపి, "గుట్టంతా చదివేశాను" అని గొప్పలు కూడా పోయాను.

ఎక్కడో చలిదేశంలో ఉండే గుంపు పెద్ద (నేను పెట్టుకున్న పేరు మంచు పెద్దాయన) జవాబిచ్చాడు. "మీరు పంపింది నేను తెరవలేదు. గుట్టు చదివినవాడే రాస్తే, కాపీ కొట్టారని కంపెనీ కోర్టుకు లాగుతుంది. చదివినవాడు యంత్రం ఏం చేస్తుందో చెప్పాలి, గుట్టు చూడనివాడు విని రాయాలి." అంటే ఇద్దరు కావాలి. బెళుగుప్పలో నాకు రెండో మనిషి! ఎదురుగా ఉన్న టీ అంగడి మామనే అడిగాను.

"చూడకుండా రాయల్లా? చూస్తేనే రాసేకి రాదు కదప్పా నాకు! యాడన్నా దొంగతనం చేసినావా ఏమి, ఇంత భయపడతాండావు?" అని గ్లాసు చేతిలో పెట్టాడు.

చివరికి మంచు పెద్దాయనే రాస్తానన్నాడు. నాకు ఒకటే సంబరం, రోజూ మాట్లాడేందుకు ఒక మనిషి దొరికాడని! మొదటి మెయిల్‌లో స్కానర్ దీపం గురించి రెండు ముక్కలు రాసి, రాని వాన గురించి, ఎండిపోయిన శనక్కాయ చేల గురించి, టీ మామ నోటి దురుసు గురించి పేజీలకు పేజీలు నింపాను. "దయచేసి యంత్రం సంగతే రాయండి. రేపు కోర్టువాళ్లు మన మెయిళ్లన్నీ చదవవచ్చు" అని జవాబు వచ్చింది. నా ఖర్మ! ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ కుశలం అడగకూడదట. ఇక నెలల తరబడి దీపం ఎప్పుడు వెలగాలి, మోటారు ఎప్పుడు ఆగాలి, ఇవే కబుర్లు. ఆయనకు పెళ్లాం బిడ్డలు ఉన్నారో లేదో కూడా తెలియదు.

డ్రైవర్ పూర్తయింది, గుంపు ఒప్పుకుంది, నా స్కానర్ బుద్ధిగా నడిచింది. ఇక రాయడానికి ఏమీ లేదు. ఇన్నాళ్లూ దానికోసం తపించినవాణ్ణి, అయిపోయిందని అంగడిలో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. ఆ సాయంత్రం మంచు పెద్దాయన నుంచి మెయిల్ వచ్చింది. యంత్రం ఊసే లేదు. "ఇప్పుడు చెప్పండి, మీ ఊళ్లో వాన పడిందా?"

పడలేదు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఎన్ని పేజీలు రాశానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.