పైడమ్మ పిన్ని కోసం కట్టిన సైడ్‌కారు

మా పైవాటాలో అద్దెకుంటున్న దంపతులు వచ్చేవారం మోటారు సైకిలు మీద లడాఖ్ వెళతారట. ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులు. నాలుగు రోజులుగా మెట్ల కింద ఆ బండికి పెళ్ళికూతురి ముస్తాబు జరుగుతోంది. ఇవాళ పొద్దున్న చైను కిరసనాయిలుతో కడిగారు. గుమ్మంలో కాఫీ గ్లాసుతో కూర్చున్న నాకు ఆ వాసన తగలగానే కాఫీ సయించలేదు. లేచి వెళ్ళి, వెనక కొత్తగా బిగించిన సామాను పెట్టె బోల్టులు రెండోవాళ్ళెవరైనా చూశారా అని అడిగాను. "మెకానిక్కే బిగించాడు అంకుల్" అన్నాడతను. బిగించినవాడి సంగతి కాదు బాబూ, చూసినవాడి సంగతి అడుగుతున్నానన్నాను. మొగుడూ పెళ్ళాం ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. ముసలాయనకి చాదస్తం అనుకుని ఉంటారు. చాదస్తమే. కాకపోతే అది నాది కాదు, ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో మా అప్పలస్వామి మేస్త్రిది. దాన్ని ఆయన దగ్గర నేర్చుకున్నాను, ఆయన దగ్గరే తప్పాను.

నేను ఫిట్టరుగా చేరేనాటికి ఆయనకి యాభై దాటాయి. కార్ఖానాలో మా విభాగాన్ని షాపు అనేవాళ్ళం, అందులో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. బెంగాలీ దాదాలు మా మాట నేర్చుకున్నారో, మేమే వాళ్ళ మాట నేర్చుకున్నామో ఇప్పటికీ తేల్చి చెప్పలేను. మేస్త్రి పొట్టి మనిషి. చెవి మీద బీడీ ఉండవలసిన చోట సుద్దముక్క ఉండేది. వాగన్లు బాగుచేసే మా ముఠాలో ఆయన ఒక పద్ధతి పెట్టాడు. అది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. నట్టు బిగించినవాడు దాని మీద నుంచి ప్లేటు మీదికి సుద్దతో ఒక గీత గీయాలి. తర్వాత ఇంకొకడు వచ్చి, చిన్న సుత్తితో కొట్టి, మోత విని, ఆ గీతకి అడ్డంగా రెండో గీత గీయాలి. ప్లేటు బిగిసి ఉంటే ఖణేల్‌మంటుంది, లోపల వదులుంటే చచ్చు మోత వస్తుంది. రెండు గీతలూ పడనిదే మా వాగను షెడ్డు దాటేది కాదు. చేరిన కొత్తలో ఒకసారి తొందరలో రెండు గీతలూ నేనే గీసేశాను. ఆయన వచ్చి భుజం మీది తువ్వాలుతో రెండూ తుడిచేశాడు.

"నీ పని నీ కంటికి బాగానే కనబడతాది రా రమణా. అందుకే ఇంకో సెవి కావాల."

"మీరు బిగించినా కావాలా మేస్త్రిగారూ?"

"నాకే ముందు కావాల. ముప్పయ్యేళ్ళ అలవాటున్న సెయ్యి ఇది. ఆలోసించడం ఎప్పుడో మానీసింది."

ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. తన చేతి మీద ఆయనకి అంత నమ్మకం ఉండేది కాబట్టే దాన్ని అలా ఎగతాళి చేయగలిగేవాడు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆయన భార్య పైడమ్మని నేను పిన్నీ అనేవాణ్ణి. పిల్లలు లేరు. పూరీ గేట్ దగ్గర వాళ్ళ క్వార్టరుకి ఆదివారాలు నేను వెళ్ళకపోతే పిన్ని సోమవారం క్యారేజీలో చేపల పులుసు పంపి మరీ నిలదీసేది. ఏడాదికి రెండుసార్లు రైల్వే ఉచిత పాసు మీద ఇద్దరూ ఊరికి వెళ్ళివచ్చేవారు. వాళ్ళెక్కే రైలు చిలకా సరస్సు పక్క నుంచి వెళ్ళేది చీకట్లోనే. పెళ్ళయిన నాటి నుంచి అదే వరస. పిన్నికి ఆ నీళ్ళని పగలు చూడాలని, ఒడ్డున దిగి కాళ్ళు తడుపుకోవాలని కోరిక. మోకాళ్ళు పట్టేసి రైలు మెట్లు ఎక్కడం కష్టమయ్యాక ఆ కోరిక ఇంకా గట్టిపడింది. రిటైరు కావడానికి రెండేళ్ళుండగా మేస్త్రి మిలిటరీ వేలంలో వచ్చిన ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. దానికి సైడ్‌కారు కట్టి, పిన్నిని అందులో కూర్చోబెట్టుకుని, బాలేశ్వర్, కటక్ మీదుగా చిలకా చూపించి, అక్కణ్ణుంచి అరసవిల్లి దాకా తీసుకుపోతానన్నాడు. షాపంతా ఆయన్ని వారం రోజులు ఏడిపించింది. పాసు జేబులో పెట్టుకుని రోడ్డున పడేవాడు రైల్వేలో ఇంకొకడు లేడన్నారు. పగటి పాసింజరెక్కి చిలకా దగ్గర దిగొచ్చు కదా అని నేనూ అన్నాను.

"టేసన్లో దిగితే టేసనే కనబడతాది. ఆవిడ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాల. ఇన్నేళ్ళూ నా డూటీ టయానికి ఆవిడ నడిసింది. ఈ ఒక్కపాలి ఆవిడ టయానికి నాను నడుస్తాను."

ఆ ఎండాకాలమంతా వాళ్ళ పెరడే మాకు రెండో కార్ఖానా. అసలు కార్ఖానా నుంచి మాత్రం ఒక్క వాషరు కూడా బయటికి రానివ్వలేదు. గోల్‌బజార్ పాత ఇనుము కొట్లలో ఏరి, గొట్టాలు కొని, ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక వెల్డింగు దాదా చేత అతికించాడు. కూర్చోవడానికి ఇంట్లో ఉన్న పేము కుర్చీనే కాళ్ళు కోసి చట్రం మీద బిగించాం. మూడో చక్రం ఎవరిదో పాత స్కూటరుది. పక్కన మనిషి బరువు లాగాలి కదా అని ఇంజను దగ్గర చిన్న పళ్ళచక్రం వేశాడు. క్లచ్చి వైరు దారిలో తెగితే వెతుక్కోకుండా పక్కనే రెండో వైరు కూడా ముందే తొడిగి, కొసలు గుడ్డతో కట్టి ఉంచాడు. పెట్రోలు డబ్బాకి ఒక చోటు, నీళ్ళ కూజాకి ఒక చోటు, గొడుగు నిలబెట్టడానికి ఒక గొట్టం. పిన్ని రోజూ సాయంత్రం వచ్చి ఇంజనీరులాగా చుట్టూ తిరిగేది.

"అన్నిటికీ జాగా ఉంది గానీ, నా తమలపాకుల పెట్టెకి ఏటి జాగా?"

"నెత్తి మీద పెట్టుకో."

"అయితే బండి నువ్వొక్కడివే తోలుకో, నాను రైల్లో ఎల్తాను."

మర్నాటికి కుర్చీ చేతి పక్కన తమలపాకుల పెట్టెకి రేకుతో ఒక గూడు తయారైంది. ఆయన చేసిన పనులన్నిటిలో నునుపైనది అదే. వేలు తెగకుండా అంచులన్నీ మడతపెట్టాడు.

ఆదివారం పొద్దున్న పిన్నిని ఎక్కించుకుని ఇందా దాకా ఒకసారి నడిపి చూడాలనుకున్నారు. అంతా సరిగ్గా ఉంటే ఆ తర్వాతి వారం ప్రయాణం. శనివారం సాయంత్రం సైడ్‌కారు చట్రాన్ని బండికి కలిపే నాలుగు బోల్టులూ మేస్త్రి స్వయంగా బిగించాడు. పైన రెండు, కింద రెండు. నాలుగింటి మీదా గీత గీశాడు. నేను వెళ్ళేసరికి పిన్ని మోకాళ్ళకి తైలం తేవడానికి బయల్దేరుతున్నాడు.

"నువ్వు కొట్టి సూసి గీతలెట్టీరా. నానొచ్చీసరికి సీకటి పడతాది" అని సుత్తి, సుద్దముక్క నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రైల్వే మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచి ఉంది. స్నేహితులు వీధి చివర రిక్షాలో కూర్చుని నా పేరు పెట్టి కేకలేస్తున్నారు. నేను ఆ రోజే చాకలి తెచ్చిన తెల్ల ప్యాంటు వేసుకుని ఉన్నాను. పైన రెండు బోల్టులూ కొట్టాను. రెండూ ఖణేల్‌మన్నాయి. కింది రెండూ కొట్టాలంటే ఆ నూనె మట్టిలో వెల్లకిలా పడుకోవాలి. ప్యాంటు వంక చూసుకున్నాను. మేస్త్రి బిగించినది వదులెందుకుంటుంది అనుకున్నాను. వంగి, చెయ్యి మాత్రం కిందికి పోనిచ్చి, తడుముకుంటూ రెండు గీతలు గీసేశాను. మ్యాచిలో ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు.

ఆదివారం నేను వెళ్ళేసరికే వాళ్ళు బయల్దేరిపోయారు. ఇందా రోడ్డు మీద ఒక గతుకులో కింది బోల్టు ఒకటి విరిగింది. సైడ్‌కారు బండి మీదికి ఒరిగి, రెండూ కలిసి పక్కనున్న గోతిలోకి జారాయి. మేస్త్రికి మోచేతులు చెక్కుకుపోయాయి. పిన్నికి కుడి మణికట్టు విరిగింది. బండిని తీసుకురమ్మని నన్ను పంపారు. గోతి పక్క గడ్డిలో వెతికితే ఆ బోల్టు ముక్క దొరికింది. నట్టు ఇంకా దానికే ఉంది. చూడగానే సంగతి తెలిసిపోయింది. బోల్టు మీద మర చాలినంత పొడవు లేదు. మర అయిపోయిన చోట నట్టు ఆగిపోయింది గానీ ప్లేటుని పట్టలేదు. స్పానరు పట్టిన చేతికి అది గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. ఎంత పనివాడి చేతికైనా అంతే. ఒక వాషరు వేస్తే సరిపోయేది. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ఉంటే చచ్చు మోత వచ్చి చెప్పేసేది. ఆ ముక్కని కాసేపు పిడికిట్లో పట్టుకుని నిలబడి, పక్కనున్న చెరువులోకి విసిరేశాను.

ఇంటికి వచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పేద్దామనే వచ్చాను, అది మాత్రం నిజం. నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

"నీ తప్పేటీ లేదు రా. నువ్వు కొట్టినప్పుడు మోగే ఉంటాది. దారిలో వొదిలీసిందంటే బిగింపు సాలలేదన్నమాట. నా సెయ్యి పోయింది రమణా."

నేనేమీ అనలేదు. ఇంకో నెలలో నాకు ప్రమోషను కోసం ట్రేడు టెస్టు ఉందని, పిన్ని చెయ్యి విరిచినవాణ్ణని ఊరంతా అనుకుంటారని, ఇలాంటివి ఏవేవో ఆ క్షణంలో తోచాయి. అసలు కారణం ఒక్కటే. ఆయన తప్పు ఆయన ముందే ఒప్పేసుకున్నాడు, నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

సోమవారం ఆయన ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, షాపులో పని వద్దు, పనిముట్ల గదిలో వెయ్యండని అడిగాడు. మిగిలిన రెండేళ్ళూ కిటికీ వెనక నిలబడి మాకు స్పానర్లు అందించి, సాయంత్రం లెక్క చూసి తిరిగి పెట్టుకున్నాడు. తన స్థానంలోకి ఎవర్ని తీసుకోవాలని అడిగితే నా పేరు చెప్పాడట. "వాడి సెవి మంచిది" అన్నాడట. అలా నేను మేస్త్రినయ్యాను. కొత్తవాళ్ళకి ఆ గీతల పద్ధతి ఆయన మాటల్లోనే నేర్పాను, వేలాది నట్లు ఒంగి, పడుకుని, బురదలో పొర్లి మరీ కొట్టి చూశాను. ఆ శ్రద్ధ చూసి ఆఫీసర్లు మెచ్చుకున్నప్పుడల్లా ఒళ్ళు చచ్చిపోయేది.

బండి అమ్మేశాడు. రిటైరయ్యాక సుభాష్‌పల్లిలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. కాళ్ళు లేని ఆ పేము కుర్చీని అరుగు మీద ఇటుకల మీద నిలబెట్టారు. పంపు కారుతుంటే కూడా తను ముట్టుకోకుండా ఎవరినో పిలిచేవాడు. నేనే రెండుసార్లు వెళ్ళి బిగించాను. ప్రయాణం ఊసు ఎవరూ ఎత్తలేదు. రైల్లోనైనా వెళ్ళిరండి, చిలకా దగ్గర నేనే దింపుతానని ఒకసారి అంటే, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ ఆదివారం తర్వాత తొమ్మిదేళ్ళు బతికి, ఒక చలికాలంలో జ్వరం వచ్చి పోయాడు.

ఏడూడి కార్యాలు అయిన మర్నాడు పిన్ని దగ్గరికి వెళ్ళాను. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఆ కుడి మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది, తరిగేటప్పుడు తెలుస్తుంది. ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. తెల్ల ప్యాంటు, తడుముకుంటూ గీసిన గీతలు, చెరువులోకి విసిరిన బోల్టు, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను. ఆమె తరగడం ఆపింది.

"నాకేటి బాబూ, ఎముక అతుక్కుంది" అంది. ఇంకో వంకాయ చేతిలోకి తీసుకుని, తరగకుండా అలాగే పట్టుకుంది. "ఈ మాట ఆయనకి సెప్పాల్సింది రమణా. రోజూ సాయంత్రం అరుగు మీద కూకుని ఆ సేతులే సూసుకునీవోడు. నీ వల్ల అయిందని తెలిస్తే, నిన్ను నాలుగు తిట్లు తిట్టీసి, తెల్లారీసరికి మళ్ళీ బండి కట్టీసీవోడు."

నాలుగు తిట్లు. నేను తొమ్మిదేళ్ళు తప్పించుకు తిరిగింది వాటి నుంచే. ఆయన చెయ్యి పోలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి లోకం మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆయన బతికున్నన్నాళ్ళూ వారానికోసారి ఆ అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను, పిన్ని ఇచ్చిన టీ తాగాను, వచ్చేశాను.