ఇప్పుడే వస్తానని వెళ్లే కినుయె బామ్మ

బుధవారం సాయంత్రం డోలు సాధన మధ్యలో కినుయె బామ్మ మళ్లీ పారిపోయింది.

మా పేట పిల్లల భవనంలో ఆమె చేరని బృందం లేదు, చివరిదాకా నిలిచిన బృందమూ లేదు. టేబుల్ టెన్నిస్ ఆడుతూ మంచినీళ్లకని వెళ్లి చేపల దుకాణంలో తేలింది. వంట బృందంలో అట్టు పెనం మీద ఉండగానే మాయమైంది. నాటకంలో చెట్టు వేషం కట్టింది. రెండో రంగానికి ఆ చెట్టు సగానికి సగం పొట్టిదైపోయింది. ఎక్కడికని అడిగితే ఒకటే మాట, ఇప్పుడే వస్తానని. వచ్చిన చరిత్ర లేదు.

నిర్వాహకుడు తదోకొరోకు ఆమెను చూస్తే ఒళ్లు మంట. ఐదుగురు లేని బృందానికి గది ఇవ్వరు, అక్టోబరు ఉత్సవంలో ఊరేగింపు బండి ఎక్కనివ్వరు. డోలు బృందంలో పిల్లలు నలుగురే. ఐదో మనిషి బామ్మ.

"ఈసారి మధ్యలో వెళ్లారంటే బృందం రద్దేనండీ బామ్మగారూ" అన్నాడు ఆయన.

"ఈ మోకాళ్లతో ఎక్కడికి పోతాను బాబూ!"

ఆ రోజు పేట పత్రికకు ఉత్సవం సన్నాహాల వార్త రాయడానికి నేనూ అక్కడే ఉన్నాను. చెప్పుల అర పక్కన ఎనిమిదేళ్ల నగిసా కూర్చుంది. వసంతంలో ద్వీపం నుంచి వచ్చిన పిల్ల. రోజూ వస్తుంది, చూస్తుంది, వెళ్లిపోతుంది. మా దగ్గర కొత్తగా చేరేవాళ్లు అందరి ముందూ నిలబడి పేరూ తరగతీ గట్టిగా చెప్పి వంగి నమస్కరించాలి. తరగతిలోనే నోరు విప్పని పిల్ల అదెలా చేస్తుంది? చలికాలంలోగా ఎవరితోనూ కలవకపోతే తిరిగి ద్వీపంలో అమ్మమ్మ దగ్గరికి పంపేస్తానని వాళ్లమ్మ నాతో అంది.

బామ్మ మోకాలు పట్టుకుని మూలిగింది. డోలు కర్రలు తెచ్చి నగిసా చేతిలో పెట్టింది.

"కాస్త పట్టుకో తల్లీ. నా వంతొస్తే నాలుగు దెబ్బలు వెయ్యి. ఇప్పుడే వస్తా."

వంతు వచ్చింది. పిల్ల అటూ ఇటూ చూసి వేసింది. రెండో వంతుకి గోడ మీది గడియారం అదిరింది.

బృందానికి పెద్ద, ఆరో తరగతి దైగో, వాయించడం ఆపాడు. "కొత్తవాళ్లు ముందు పేరు చెప్పాలి."

నగిసా మొహం ఎర్రబడింది. "నేను చేరలేదు. బామ్మ వచ్చేదాకే."

దైగో మళ్లీ కర్రలెత్తాడు. "సరే అయితే. ఆవిడ వచ్చేదాకా మణికట్టు వదులుగా పెట్టు."

నేను బామ్మను వెతుక్కుంటూ వెళ్లాను. భవనం వెనక కిటికీ కింద కూర్చుని కాల్చిన చిలగడదుంప తింటోంది. మోకాలు డోలు దెబ్బకి తగ్గట్టు ఆడుతోంది.

"లోపలికి వెళ్లరా?" అన్నాను.

"వెళ్తే ఆ పిల్ల కర్రలు తిరిగిచ్చేస్తుందయ్యా."

"మరి ఆ నాటకంలో చెట్టు?"

"అదా! నా బదులు చెట్టుగా నిలబడ్డ పిల్ల ఇప్పుడు రాణి వేషం వేస్తోంది." దుంప సగం విరిచి నాకిచ్చింది.

తదోకొరో విసురుగా వచ్చి కిటికీలోంచి తలలు లెక్కపెట్టాడు. ఐదు. మళ్లీ లెక్కపెట్టాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఉత్సవం బండి మీద ఐదుగురు పిల్లలూ వాయించారు. నగిసాను చూడడానికి అమ్మమ్మే ద్వీపం నుంచి పడవెక్కి వచ్చింది.

మర్నాడు బామ్మ బ్యాడ్మింటన్‌లో చేరింది. అక్కడ పిల్లలు నలుగురు.