గోడ మీదికి తోసిన తప్పు

ఒక మనిషి తన చేతిపని మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టుకున్నాడు. పోగొట్టింది నేను. ఇన్నేళ్లుగా ఆ సంగతి నా ఒక్కడికే తెలుసు. రోజూ అన్నం తిన్నాను, నిద్రపోయాను, పండగలకు కొత్తబట్టలు కట్టుకున్నాను. అది మాత్రం గుండె మీద అలాగే కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నూజివీడులో వడ్రంగిని. పదో తరగతి తప్పి రంపం పట్టాను. చదువు మీద ఆశ మాత్రం చావలేదు. సాయంత్రం పని దిగి, చేతులు కడుక్కుని, నేరుగా లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. చరిత్ర, వైద్యం, చెట్లు, కలప, ఏది దొరికితే అది చదివాను. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకో పేజీ. తోటి వడ్రంగులు నన్ను ప్రొఫెసరు గారూ అని పిలిచేవాళ్లు. ఎగతాళికే పిలిచేవాళ్లు. నాకు మాత్రం అది బిరుదులా వినిపించేది.

మామిడికాయల వ్యాపారం చేసే షావుకారు గారొకరు కొత్త ఇల్లు కట్టించారు. వాళ్ల కోడలు ఫోనులో ఒక తలుపు చూసి ముచ్చటపడింది. బందుల మీద తిరిగే తలుపు కాదు. గోడకు పైన ఇనపపట్టీ బిగించి, దాని మీద చక్రాలతో పక్కకు జరిపేది. పై దేశాల్లో గొడ్లసావిళ్లకు అలాంటివే పెట్టేవారని నేను చదివింది చెప్పాను. షావుకారు గారి తల్లిని అందరం మామ్మగారనేవాళ్లం. ఆవిడ గదికే ఆ తలుపు.

"గొడ్లసావిడి తలుపు నాకేంట్రా? పాడిగేదెననుకున్నారా ఏంటి? పాలిచ్చే వయసు కూడా దాటిపోయిందే!" అని ఆవిడ అందరినీ నవ్వించింది.

ఆ గదికి అడ్డగోడ కట్టింది నాంచారయ్య. తాపీమేస్త్రి. కూలి కుటుంబం నుంచి వచ్చి, చూసి చూసి పని నేర్చుకున్నవాడు. సన్నగోడ కాబట్టి తలుపు బరువు నేరుగా దాని మీద పడకూడదు. ముందు గోడకు అడ్డంగా దళసరి చెక్క బిగించి, ఆ చెక్కకు పట్టీ బిగించాలి. ఆ చెక్క కోసం నాంచారయ్య గోడ కట్టేటప్పుడే బోల్టులు పాతి కట్టాడు. పట్టీ, చక్రాలు బెజవాడ నుంచి లారీలో హనుమాన్ జంక్షన్‌కి వస్తే నేనే వెళ్లి తెచ్చాను. తలుపు టేకుది. పట్టీ వెనక చెక్క కూడా టేకే వెయ్యమన్నారు షావుకారు గారు.

నేను వద్దన్నాను, దానికి మామిడి చాలన్నాను. గాలివానకు వాళ్ల తోటలో పడిపోయిన పెద్ద మామిడిచెట్టును కోయించిన పలకలు ఉన్నాయి. మామిడి చెక్క కాయల పెట్టెలకే గానీ ఇంట్లో పనికిరాదని, పుచ్చిపోతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను చదివినవాణ్ణి కదా. నీడలో నెలల తరబడి ఆరబెట్టి, మందునీళ్లలో నానబెడితే మామిడికి పురుగు పట్టదని అక్కడున్న అందరికీ ఉపన్యాసమిచ్చాను. మీ తోట చెట్టు మీ ఇంట్లోనే ఉంటుందండీ అన్నాను. షావుకారు గారు మురిసిపోయారు.

పుస్తకం అబద్ధం చెప్పలేదు. మామిడి కోతలు మొదలైతే ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదని గృహప్రవేశం ముందుకు జరిపారు. పలక ఇంకా పచ్చిగానే ఉంది. టేకు తెప్పించమని అడగొచ్చు. అంత ఉపన్యాసం ఇచ్చాక ఆ మాట నోట్లోంచి రాలేదు. ఆరబెట్టలేదు, నానబెట్టలేదు. పైన వార్నిష్ పూసి బిగించేశాను. వేలితో తోస్తే తలుపు నీళ్ల మీద పడవలా జరిగింది. గేదె కొమ్ముతో తోసినా పోతుందిరా ఇది అని మామ్మగారు దాన్ని అటూ ఇటూ లాగి మురిసింది.

మరుసటి ఏడు ఆవిడే కబురు పెట్టింది. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి తలుపు కింద మళ్లీ పసుప్పచ్చటి పిండి రాలుతోందని చెప్పింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. చెక్కపొడి. పైకి చూస్తే వార్నిష్ మీద సూదితో పొడిచినట్టు బెజ్జాలు. నాకు తెలిసిపోయింది. గోడ పూత రాలుతోందండీ, సీజను అయ్యాక వచ్చి చూస్తానన్నాను.

నిజంగా వచ్చి చూద్దామనే అన్నానా? చాలాసార్లు నన్ను నేనే అడిగి చూశాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

సీజను ఇంకా అవ్వనే లేదు. తలుపు పట్టీతో సహా ఊడి మామ్మగారి మీద పడింది. తుంటి విరిగింది. ఇంటిల్లిపాదీ ఆవిడను తీసుకుని బెజవాడ ఆస్పత్రికి పరిగెత్తారు. వెళ్తూ, దారికి అడ్డంగా పడున్న తలుపు తీయమని నన్ను పిలిపించి తాళాలిచ్చి వెళ్లారు. ఆ హడావిడిలో గోడ వైపు ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

చెక్క నిలువునా చీలిపోయింది. లోపలంతా పిండే. గోడలో బోల్టులు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరు చూసినా తప్పు చెక్కదని తెలిసిపోతుంది.

ఉలీ సుత్తీ తీశాను. ఒక్కో బోల్టు చుట్టూ గోడను కొట్టాను. భుజం పడిపోయింది. ఇటుక విరుగుతోంది గానీ సిమెంటు వదలదు. ఇంత గట్టిగా కట్టాడేంటి వీడు అని నాంచారయ్యను తిట్టుకున్నాను. ఆ తిట్టు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చివరికి గోడే విరిగి బోల్టులు ఊడొచ్చినట్టు కనబడేలా చేశాను. చెక్కముక్కలు గోనెసంచిలో కుక్కి ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను.

షావుకారు గారు గోడ చూసి నాంచారయ్యను బజార్లో నిలబెట్టి తిట్టారు. మామ్మగారు మళ్లీ నడవలేదు. మంచంలోనే పోయింది. ఆవిడ పోయేలోగా ఒకరోజు నాంచారయ్య నా కొట్టు దగ్గరికి వచ్చాడు. తగువుకొచ్చాడనుకున్నాను.

"అన్నా, గోడ నువ్వు దగ్గర్నుంచి చూశావు. నా పనిలోనే తేడా జరిగిందంటావా?"

"ఇసకలో మట్టి కలిసి ఉంటది నాంచారయ్యా. అప్పుడు సిమెంటుకి పట్టు రాదు."

"జల్లించే వాడానే."

"తడపడం తగ్గిందేమో. ఎండల్లో కట్టావు కదా."

"రెండు పూటలా తడిపా." కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "సర్లే అన్నా. షావుకారు తిట్టాడంటే నాకు లెక్కలేదు, ఆయనకేం తెలుసు? నువ్వు చదివినోడివి. నువ్వన్నావంటే అయ్యే ఉంటది."

నేను తలూపాను.

ఊళ్లో వాళ్లు అతన్ని పనికి పిలవడం మానేశారు. పిలిచిన ఒకరిద్దరి దగ్గరికీ అతనే వెళ్లలేదు. తను కట్టిన ఇళ్లన్నిటికీ వెళ్లి, ఆ ఇంటివాళ్లనడిగి, గోడల మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసుకునేవాడట. తర్వాత చింతలపూడి వైపు వెళ్లిపోయి ఒక తోటకు కాపలా కుదిరాడు. మామ్మగారి విషయంలో నాది అజాగ్రత్త అని ఎలాగో సర్దిచెప్పుకుంటాను. నాంచారయ్య విషయంలో ఆ వీలు లేదు. అతనికి చేసింది తెలిసే చేశాను. నా అబద్ధాన్ని నమ్మించింది నా చదువే. నేను ఎంతో ప్రేమగా కూడబెట్టుకున్న ఆ చదువును వాడిన పెద్ద పని అదొక్కటే.

కిందటి ఎండాకాలం చెప్పేద్దామని వెళ్లాను. తోటలో పాక ముందు కోళ్ల కోసం మోకాలెత్తు గోడ కట్టుకుంటున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. కాయలు కోసి పెట్టాడు. తర్వాత ఆ బుల్లిగోడ దగ్గరికి తీసుకెళ్లి, పట్టు వచ్చిందో లేదో చూడమని అడిగాడు. తేలిగ్గా అడగలేదు. నా మొహం వైపే చూస్తున్నాడు. నేను వంగి, వేలితో తట్టి, బాగానే ఉందన్నాను. అతను ఊపిరి వదిలాడు. అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ దొరకదు. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? అతను కొడతాడని కాదు. అన్నా అని పిలవడం మానేస్తాడని. ఇంత చేసి ఆ పిలుపు కూడా నాకే కావాలి.

అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీని వల్ల అతనికి ఒరిగేదేమీ లేదని తెలుసు. నాంచారయ్య కట్టిన గోడ మంచిది. పడింది నా చెక్క. గోడను పగలగొట్టింది నేను. రాయడం అయిపోయింది. అంతకుమించి ఏమీ మారలేదు.