నిద్రపోయే పిల్లల్ని చూసే మనిషి

మా ఊరి పాస్టరుగారి భార్య, మేమందరం అమ్మగారని పిలిచే మనిషి, పోయారు. మొన్న పొద్దున చర్చి గంట ఆగి ఆగి మోగుతుంటే ఎవరికో అనుకున్నాం. చర్చి ఊడ్చే ముసలాయన మా గుమ్మంలో నిలబడి, "అమ్మగారు ప్రభువునందు నిద్రించారమ్మా" అన్నాడు. నిద్రను ఆవిడ జన్మలో నమ్మలేదు.

పసిపిల్లల తల్లులెవరైనా ఇది చదువుతుంటే ముందు ఆవిడ నేర్పిన ఉపాయాలు వినండి, పనికొస్తాయి. పిల్ల చెవి రుద్దుకుంటుంటే నిద్ర వచ్చిందన్నమాట, ఏడుపు అందుకునేదాకా ఆగొద్దు. పాలు తాగాక భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా వీపు నిమరాలి. మూలిగిందని వెంటనే ఎత్తుకోకుండా పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి, సగంసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. ఉయ్యాల గట్టిగా ఊపితే మాత్రం, "మజ్జిగ చిలుకుతున్నావా ఏంటే?" అని తిట్టేవారు.

ఇంత మంచి మనిషంటే ఊళ్ళో తల్లులకు భయం. నిద్రపోయే బిడ్డను అదేపనిగా చూసేవారు మరి. అలా చూస్తే దిష్టి తగులుతుందంటారు కదా. చర్చిలో వాక్యం వినేవాళ్ళమే అయినా ఉప్పూ మిరపకాయలూ దిగదుడవడం మేమెక్కడ మానాం! ఒకసారి మా ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే ఓరకంట చూశాను. అందరం కళ్ళు మూసుకున్నాం, ఆవిడొక్కరే కళ్ళు తెరుచుకుని మా పిల్ల ఉయ్యాలలోకి వంగి ఉన్నారు. ఆమెన్ అన్నాక, ఏం చూస్తున్నారండీ అని అడిగాను.

"ఎంత దూరం వెళ్ళిందో చూస్తున్నానమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి మా అత్త, పిల్ల పడుకుంటే తలుపు గడియ పెట్టేసేది.

ఆ ఏడు ఊరంతా పత్తే. రోజూ పురుగుమందు కొట్టడమే పని. మూడు నెలల మా అమ్మాయి పగలు కునుకు తీయక మమ్మల్ని చంపుకు తినేది. తండ్రి వాసన తగిలితే పడుకుంటుందని మా అత్త, దండెం మీదున్న మా ఆయన తువ్వాలు తీసి ఉయ్యాలలో పరిచింది. నిజంగానే పడుకుంది. పప్పు ఉడికింది, గిన్నెలు తోమడం అయింది, ఇంకా లేవలేదు. బంగారుతల్లి అని మురిసిపోయాం. ఎందుకో గానీ, తోమిన గిన్నె చప్పుడవుతుందేమోనని కింద పెట్టడానికే నాకు బెరుకు పుట్టింది.

అప్పుడు తలుపు తట్టారు. పిల్ల పడుకుంది, తర్వాత రండని మా అత్త లోపలి నుంచే చెప్పింది. తట్టడం ఆగలేదు. నేను గడియ తీయగానే అమ్మగారు మమ్మల్ని తోసుకుని వెళ్ళి ఉయ్యాల మీదకు వంగారు. వీధిలో పోతుంటే, రోజూ పిల్ల ఏడుపుతో మోగే మా ఇల్లు వినబడలేదట, అందుకని వచ్చారట.

"ఇది నిద్ర కాదే" అన్నారు.

పసిబిడ్డ నిద్రలో నవ్వుతుంది, ఉలిక్కిపడుతుంది, పెదాలు చప్పరిస్తుంది. మా పిల్ల ఏదీ చెయ్యడం లేదు. నోటి పక్క చొంగ, ఒళ్ళంతా చెమట. పాదం గిల్లితే కాలు కదల్లేదు. ఆవిడ తువ్వాలు వాసన చూసి అవతల విసిరేశారు. మందు కొట్టేటప్పుడు మా ఆయన ముక్కుకు కట్టుకున్న తువ్వాలు అది. పిల్లకు సబ్బుతో ఒళ్ళు కడిగించి, అటుగా పోతున్న పత్తి లారీ ఆపించి పేటలో ఆసుపత్రికి పంపారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఇవాళ అది బడికి వెళ్తోందంటే ఆవిడ పెట్టిన భిక్షే.

ఆసుపత్రి నుంచి తెచ్చిన మధ్యాహ్నం పిల్ల కళ్ళు మూస్తే చాలు, నేను కుదిపి లేపేస్తున్నాను. అది ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. మా అత్త చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి అమ్మగారిని వెంటబెట్టుకొచ్చింది. ఉయ్యాల పక్కన తనే పీట వేసింది.

"దాన్ని పడుకోనీ. నువ్వూ పడుకో. నేను చూస్తుంటాగా" అన్నారు ఆవిడ.

చాప మీద ఒరిగాను. మగత కమ్మేలోపు ఒకసారి అటు చూశాను. ఉయ్యాల ఊగడం లేదు. ఆవిడ వంగి, రెప్ప వేయకుండా, పిల్ల ముఖంలోకి చూస్తూనే ఉన్నారు.